గ్రాండ్ నది ఒడ్డున వెచ్చని వారం

ఆ ఏడు నవంబరు మొదట్లోనే కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మంచు కురిసింది. ఇక ఏప్రిల్ దాకా ఇంతేనని అందరూ అన్నారు. మా ఇంటి ఓనరాంటీ గరాజ్‌లో మూలనున్న మంచు పారను తలుపు దగ్గరికి తెచ్చిపెట్టింది. నేను ఒంటి మీద రెండు పొరల ఉన్ని బట్టలు తొడుక్కోవడం మొదలుపెట్టాను. నెలాఖరు దగ్గర పడుతుండగా ఏమైందో ఏమో, గాలి మారింది. దక్షిణం నుంచి వెచ్చటి గాలి వచ్చి రెండు రోజుల్లో మంచునంతా కరిగించేసింది. కాలేజీలో పిల్లలు టీషర్టులతో తిరిగారు. బస్టాపులో నిలబడితే మెడ మీద ఎండ తగిలి, నాకు ఆ రోజు చదవాల్సిందేదీ గుర్తుకు రాలేదు.

అప్పటికి నేను కెనడా వచ్చి ఏడాది దాటింది. మా ఆయన వచ్చి మూడు నెలలు కూడా కాలేదు.

మా పెళ్లి గురించి కొంచెం చెప్పాలి. నాకు ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరు వచ్చింది, ఇక్కడొక కాలేజీలో సప్లై చైన్ కోర్సులో సీటు వచ్చింది. ఆడపిల్లను ఒక్కదాన్నే అంత దూరం పంపనని మా నాన్న పట్టు పట్టాడు. ఆ రోజుల్లో సంబంధాలు చూసేవాళ్లు అమ్మాయి రంగు, చదువుతో పాటు స్కోరు కూడా అడిగేవారు. అమ్మాయి స్టూడెంట్‌గా వెళితే అబ్బాయి ఆమె వెనకాలే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వెళ్లొచ్చు. అలా కృష్ణా జిల్లాలోని ఒక లంక ఊరి సంబంధం పెద్దపల్లిలో ఉన్న మా ఇంటి దాకా వచ్చింది. పెళ్లయిన మూడు వారాలకే నేను విమానం ఎక్కాను. ఆయన ఫైలు ఒకసారి రిజెక్ట్ అయి, మళ్లీ అప్లై చేస్తే గాని రాలేదు. ఏడాది పాటు మా కాపురమంతా ఫోను తెర మీదే. తిన్నావా అంటే తిన్నాను, చలిగా ఉందా అంటే ఉంది. అంతకు మించి ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

ఆయన వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకి వెళ్లి తీసుకొచ్చాను. బస్సులో నా పక్కనే కూర్చున్నా, దారి పొడుగునా కిటికీ వైపు తిరిగే ఉన్నాడు. ఒక్క మాట లేదు. అలసిపోయాడనుకున్నాను ముందు. తర్వాత అలసట కాదేమో అనిపించింది. కాలేజీ క్యాంటీన్‌లో ఒక స్నేహితురాలు సరదాగా అడిగింది: "మీ ఆయనకి నువ్వు వైఫువా, వీసావా?" టేబుల్ చుట్టూ ఉన్న అందరితో పాటు నేనూ నవ్వాను. కాని ఆ మాట నాతోపాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది.

ఆంటీ వాళ్ల ఇంటి కింద బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాకు పొద్దున్న క్లాసులు, సాయంత్రం గిడ్డంగిలో షిఫ్టు. ఆయనకు ఉద్యోగాల వేట. మాలాంటి వాళ్లు ఆ ఏడు ఊరంతా ఉన్నారు. ఏదో సూపర్ మార్కెట్‌లో నలుగురిని తీసుకుంటారంటే, షాపు చుట్టూ లైను తిరిగేది. విజయవాడలో మోటారు సైకిళ్ల షోరూంలో సర్వీసు సెక్షన్ మొత్తాన్ని చూసుకున్న మనిషి, రెజ్యూమేలు పట్టుకుని ఆ లైన్లలో నిలబడి వచ్చేవాడు. ఏమైందని నేను అడిగేదాన్ని కాదు. ముఖం చూస్తే తెలిసేది.

రెజ్యూమేలు ప్రింటు తీయడానికి లైబ్రరీకి నడిచి వెళ్లేవాడు. దారిలో గ్రాండ్ నది మీద పాత వంతెన ఉంది, దాని కింద మనుషులు గాలాలు వేసుకుని నిలబడి ఉంటారు. నది ఒడ్డున పుట్టినవాడు కదా, ఆ వంతెన మీద ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు సెకండ్ హ్యాండ్ దుకాణం నుంచి రీలున్న గాలపు కర్ర ఒకటి తెచ్చాడు. ఇంకో రోజు మరొకటి. రెండూ తలుపు వెనక ఆనించి పెట్టేవాడు. తలుపు గట్టిగా తీస్తే నా మీద పడేవి.

"ఒక్క మనిషికి రెండు కట్టెలు దేనికి?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఊరికే," అన్నాడు.

ఆ వెచ్చని ఆదివారం పొద్దున నేను మంచం మీద పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ నీకు షిఫ్టు లేదుగా. నది దాకా వస్తావా? ఎండ బాగా కాస్తోంది."

"నాకు చేపలు పట్టుడు రాదు. మీరు పోయి రండి."

"నీ పేరు మీద కూడా చేపలు పట్టే లైసెన్స్ తీశాను." నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఎప్పుడు?"

"వచ్చిన వారానికే."

"మరి ఇన్ని దినాలు అడగలేదేంది?"

"నువ్వెప్పుడు చూసినా అలిసిపోయి ఉంటావు. ఏమని అడగను?"

పుస్తకాలు మూసి లేచాను.

నది మేం ఉన్న చోటు నుంచి నడిచేంత దూరమే. రాతితో కట్టిన పాత మిల్లు గోడల మధ్య నుంచి పారుతుంది. చెట్లన్నీ ఆకులు రాల్చేసి ఉన్నాయి. కరిగిన మంచు నీళ్లు కలిసినా నది పెద్దగా పొంగలేదు, కాస్త గోధుమ రంగు తిరిగిందంతే. వంతెన దాటాక నది ఒక వంపు తిరిగి, అక్కడ లోతైన మడుగు కట్టి ఉంది. ఒడ్డున బల్లపరుపు రాళ్లు ఎండకు ఆరి వెచ్చగా ఉన్నాయి. ఒక రాయి మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

ఆ వంపు దగ్గర మాకన్నా ముందే ఒకావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. నీళ్లలో నడిచే పొడవాటి రబ్బరు బూట్లు వేసుకుంది. కాళ్ల దగ్గర తెల్లగా నెరిసిన మూతితో చిన్న కుక్క. మమ్మల్ని చూసి చేయి ఊపింది, మళ్లీ తన దారం కేసి తిరిగింది.

మా ఆయన నా కర్రకు ఎర కట్టి ఇచ్చాడు. రబ్బరుతో చేసిన మెత్తటి ఎర, లోపల సీసం గుండు. ఎలా విసరాలో చూపించాడు. మొదటిసారి నాది నా వెనకున్న పొదలో పడింది. రెండోసారి నీళ్లలోనే పడింది గాని, నా కాళ్ల ముందు. ఆయన నవ్వు ఆపుకోవడం కనిపించింది. మూడోసారి ఆయనే విసిరి కర్ర నా చేతికిచ్చాడు.

అక్కడ దొరికేది బాస్ అనే చేప అని చెప్పాడు. వేసవిలో నదంతా తిరుగుతుందట. నీళ్లు చల్లబడితే గుంపుగా లోతు మడుగుల్లోకి చేరి, రాళ్ల పక్కన కదలకుండా పడుకుంటుందట. నాలుగైదు రోజులుగా ఎండ కాస్తోంది కాబట్టి ఇప్పుడు కాస్త ఒళ్లు విరుచుకుంటుందని ఆయన ఆశ. ఇదంతా చెబుతూ ఆయన ఎర విసరడం, గబగబా లాగడం, మళ్లీ విసరడం. అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

కుక్కతో వచ్చినావిడ కాసేపు చూసి, మా వైపు నడిచొచ్చింది. "చాలా తొందరగా లాగుతున్నావు," అంది ఆయనతో ఇంగ్లీషులో. "వాటికి ఇప్పుడు పరిగెత్తే ఓపిక లేదు. ఎరను నీళ్ల అడుగున వదిలేయి. అక్కడ ఉందని మరిచిపో." ఆయన తల ఊపాడు, కాసేపు ఓపిక పట్టాడు, మళ్లీ లాగడం మొదలుపెట్టాడు. చేతులు ఖాళీగా ఉంచుకోవడం ఆయనకు అలవాటు లేదు.

నాకు మాత్రం ఆ సలహా బాగా కుదిరింది. వారమంతా పెట్టెలు మోసిన చేతులు, సగం నిద్రపోయిన కళ్లు, కింద వెచ్చటి రాయి. కర్ర ఒళ్లో పెట్టుకుని, దారాన్ని వేలి మీద వేసుకుని, నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎర ఎక్కడుందో నిజంగానే మరిచిపోయాను. ఎప్పుడో వేలి మీద దారం కొంచెం బరువెక్కింది. తడి ఆకు ఏదో తగులుకున్నట్టు. నేను కదలలేదు. ఆ బరువు నెమ్మదిగా పక్కకు నడిచింది.

"ఏదో గుంజుతుంది!" అని అరిచాను.

ఆయన తన కర్ర వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఎత్తు, పైకెత్తు! వదులు ఇవ్వకు!" కర్ర విల్లులా వంగింది. నీళ్ల అడుగు నుంచి ఎవరో నా చేతులు పట్టుకుని పోట్లాడుతున్నట్టుంది. లేచి నిలబడ్డాను, నాకు తెలియకుండానే అరుస్తున్నాను, కుక్క కూడా మొరుగుతోంది. చివరికి అది ఒడ్డుకొచ్చింది. ఆయన వంగి కింది దవడ పట్టుకుని పైకి లేపాడు.

జానెడు మీద ఇంకో నాలుగు వేళ్ల పొడుగుంది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమక ముందు ఉండే రంగు, దాని మీద పై నుంచి కిందికి నల్లటి చారలు. కన్ను ఎర్రగా ఉంది. ముట్టుకుంటే మంచుగడ్డలా చల్లగా తగిలింది.

"పులుసు పెడదామా?" అన్నాను. నాకు నోరూరింది. ఊళ్లో ఉన్నప్పుడు చేపల పులుసంటే నాకు ప్రాణం.

"ఆంటీ ఒప్పుకోదుగా."

నిజమే. ఇల్లు అద్దెకిచ్చిన రోజే ఆంటీ చెప్పింది, చికెను, మటను ఏదైనా వండుకోమని, చేపలు మాత్రం వద్దని. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు గాలి కింది వాసననంతా పైగదుల్లోకి మోసుకుపోతుందట. ఆయన గాలం జాగ్రత్తగా తీసి, చేపను నా చేతుల్లో పెట్టాడు. నీళ్లలో ముంచి పట్టుకున్నాను. మొప్పలు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. తోక ఒక్కసారి నా మణికట్టుకు తగిలింది, అంతే, వెళ్లిపోయింది. నా చేతులు చాలాసేపు నీచు వాసన వేశాయి. కడుక్కోబుద్ధి కాలేదు.

ఆయనకు ఆ రోజు ఒక్కటీ పడలేదు. దారిలో నేను ఆ మాట మూడుసార్లు గుర్తు చేశాను.

ఆ తర్వాత ఎండ ఉన్నన్ని రోజులూ వెళ్లాం. క్లాసు అయ్యాక బస్సు దిగి, ఇంటికి కాకుండా నేరుగా నది దగ్గరికే పోయేదాన్ని. ఆయన రెండు కర్రలూ, నాకు టిఫిన్ డబ్బా పట్టుకుని రాళ్ల మీద ఎదురు చూసేవాడు. షిఫ్టుకి టైమయ్యేదాకా అక్కడే తినడం, అక్కడే కూర్చోవడం. ఆయనకూ రెండు చేపలు పడ్డాయి. లంక ఊళ్లో చిన్నప్పుడు వల వేసేవాళ్లని, గాలం చిన్నపిల్లల ఆట అనుకునేవాళ్లని చెప్పాడు. నేను మా గోదావరి గురించి చెప్పాను. ఆయన కృష్ణ గొప్పదన్నాడు. అక్కడికి ఎన్నో వేల మైళ్ల దూరంలో, ఇంకో నది ఒడ్డున కూర్చుని కాసేపు దెబ్బలాడుకున్నాం.

గురువారం నాడు ఫోనులో వాతావరణం చూశాను. మర్నాటి నుంచి మళ్లీ చలి, మంచు. ఆ రోజు నాకు షిఫ్టు లేదు. ఆకాశం మబ్బు పట్టినా గాలి ఇంకా వెచ్చగానే ఉంది. కుక్కతో వచ్చే ఆవిడ కాస్త దిగువన నిలబడి ఉంది. మేమిద్దరం గాలాలు వేసి మా రాళ్ల మీద కూర్చున్నాం. రేపటి నుంచి మళ్లీ ఎవరి వేళలు వాళ్లవి, ఎవరి కంచం వాళ్లది అనుకుంటే, ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేననిపించింది.

"ఒకటి అడగనా?"

"అడుగు."

"మీరు నా కోసం వచ్చిండ్రా, కెనడా కోసం వచ్చిండ్రా?"

ఆయన దారమంతా చుట్టుకుని, గాలాన్ని కర్రకు తగిలించి, కర్రను పక్కన పెట్టాడు.

"పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కెనడా కోసమే వచ్చాను," అన్నాడు. "అబద్ధం చెప్పను. నీ ఫొటో కన్నా ముందు నీ స్కోరు చెప్పారు మాకు."

"ఎంతని చెప్పిండ్రు?"

"ఏడు."

"ఏడున్నర."

"అయితే అర తగ్గించి చెప్పారన్నమాట."

నాకు నవ్వు రాలేదు. ఆయనే మళ్లీ అడిగాడు. "మరి నువ్వెందుకు చేసుకున్నావు నన్ను?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు అప్పటిదాకా. నాకు నేనూ వేసుకోలేదు. ఆలోచిస్తే జవాబు ఎదురుగానే ఉంది.

"మా నాయిన ఒక్కదాన్నే పంపనన్నడు. పెళ్లి చేసుకుంటేనే విమానం ఎక్కనిస్తా అన్నడు."

"అంటే నేను నీకు..."

"టికెట్టు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తు లేదు. నవ్వీ నవ్వీ నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. దిగువనున్న ఆవిడ తల తిప్పి చూసింది.

"మరి ఇప్పుడు?" అని అడిగాను, నవ్వు తగ్గాక.

"నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి జాకెట్ తెచ్చావు. సెప్టెంబరు, ఉక్కగా ఉంది బయట. రాత్రికి చలేస్తుందని తెచ్చావు. బస్సులో జేబులో చెయ్యి పెడితే బస్ కార్డు ఉంది, చేగోడీల పొట్లం ఉంది. మా అమ్మ తప్ప నాకోసం జేబులో ఏదైనా పెట్టినవాళ్లు లేరు. నాకు ఏడుపొచ్చింది. నువ్వు చూస్తావని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను." నా గాలపు కర్ర చూపించి అన్నాడు, "ఆ వారమే తీశాను నీకు లైసెన్స్."

సరిగ్గా అప్పుడే నా వేలి మీద దారం బరువెక్కింది.

ఈసారిది వేరే రకం బరువు. కర్ర ఎత్తగానే రీలు కీచుమంటూ దారం వదలడం మొదలైంది. ఆయన లేచి నా పక్కకొచ్చాడు. చేప మడుగు మధ్యకు పోయింది, పైకి లేచి ఒక్కసారి నీళ్ల మీద దొర్లింది, మళ్లీ అడుక్కి పోయింది. ఎంతసేపు పోరాడానో, భుజాలు మండిపోయాయి. ఒడ్డుకు రెండు బారల దూరంలో అది ఒక రాయి వెనక్కి దూరింది. దారం రాతికి చుట్టుకుంది.

"లాగకు, తెగిపోద్ది. నేను తీస్తా," అంటూ ఆయన నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టాడు. కాళ్లకున్నవి మామూలు స్పోర్ట్స్ షూలు. కాలు జారింది. చూస్తుండగానే నడుము లోతు నీళ్లలో ఉన్నాడు.

గాలి ఎంత వెచ్చగా ఉన్నా నీళ్లు మంచు నీళ్లే. ఈత బాగా వచ్చిన మనిషి, నోరు తెరిచి ఊపిరి అందక అలాగే నిలబడిపోయాడు. ప్రవాహం మోకాళ్లను నెడుతోంది. మళ్లీ కాలు ఎత్తబోయాడు.

"ఆగు! కదలకు! నా చెయ్యి పట్టుకో!" నేను కర్రను కింద పడేసి, కాలితో తొక్కిపట్టి, రాయి మీద బోర్లా పడుకుని చేయి చాపాను. అప్పటిదాకా ఆయన్ని మీరు అనేదాన్ని. ఆ అరుపుతో అది పోయింది. తర్వాత మళ్లీ రానే లేదు. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఈలోపు ఆవిడ తన పెద్ద బూట్లతో నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, ఆయన నడుం బెల్టు పట్టుకుని ఒడ్డుకు నెట్టింది. ఆ వయసులో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. ఆయన రాయి మీద కూలబడి వణకడం మొదలుపెట్టాడు.

"కోటు విప్పు. తడి చొక్కా కూడా," అందావిడ. తర్వాత నా వైపు తిరిగి, "నీ చేప ఇంకా ఉంది," అంది.

నిజంగానే ఉంది. ఆవిడ తన చేతివలతో రాయి వెనక నుంచి దాన్ని తోడి తీసింది. మూరెడు చేప. నేను చేతులు చాపి, నీళ్లలోకి వదలబోయాను. ఆవిడ అడ్డం పట్టింది.

"ఇంత జరిగాక వదిలేస్తావా? మీ వాళ్లకు వండుకోవడం రాదా?"

"వచ్చు," అన్నాను. "బాగా వచ్చు."

"అయితే తీసుకెళ్లు. ఇంకో రెండు రోజులైతే సీజనే ముగుస్తుంది."

ఆవిడే తన కారులో హీటరు మొత్తం పెంచి, మమ్మల్ని ఇంటి దగ్గర దించింది. ఆయన కుక్క పడుకునే దుప్పటి కప్పుకుని వెనక సీట్లో కూర్చున్నాడు, కుక్క ఆయన ఒళ్లో కూర్చుంది. దిగేటప్పుడు ఆయన థాంక్యూ అని పళ్లు కొట్టుకుంటూ అంటే, "బూట్లు కొనుక్కో," అని మాత్రం అంది.

డ్రైవ్‌వేలో ఆంటీ ఉంది. మిస్సిసాగాలో మందుల కంపెనీలో పని, రోజూ 401 హైవే మీద పడి వెళ్లొస్తుంది. ఆ రోజు లీవు పెట్టి, చలి తిరిగొచ్చేలోపు కారు కడుక్కుంటోంది. మమ్మల్ని చూసి పైపు కింద పడేసింది.

"ఇదేంటి బాబూ ఈ తడి! లోపలికెళ్లి వేడి నీళ్లు పోసుకో ముందు. ఆ సంచిలో ఏంటమ్మా?"

సంచిలోంచి తోక బయటికి వచ్చి ఉంది. దాచడానికి లేదు.

"చేప, ఆంటీ. ఇంట్లో వండం. ఎవరికన్నా ఇచ్చేస్తం."

ఆంటీ సంచి అంచు పట్టుకుని లోపలికి చూసింది. నరసరావుపేట వైపు మనిషి. ఆ చూపులో ఓనరు కనపడలేదు నాకు. "ఇక్కడి చేపా? పట్టారా మీరు?" అంది. ఇంకోసారి చూసింది. "పొలుసు తీయడం వచ్చా మీ ఇద్దరిలో ఎవరికైనా?"

"మా ఆయనకొస్తది."

"గరాజ్‌లో క్యాంపింగ్ స్టవ్ ఉంది. తలుపు పూర్తిగా ఎత్తేసి అక్కడ వండుకోండి. కారం నేనిస్తా, మీ షాపు కారం వద్దు."

ఆయన వేడి నీళ్లు పోసుకుని, నా స్వెటర్ మీద తన స్వెటర్ వేసుకుని వచ్చాడు. పెరట్లో పలక మీద పెట్టి, కత్తి వెనకవైపుతో తోక నుంచి తలకేసి గీకుతుంటే పొలుసులు చిటచిటా ఎగిరాయి. ఉప్పూ పసుపూ వేసి నేను మూడుసార్లు కడిగాను. పులుసు దగ్గర ఆంటీకీ నాకూ పడలేదు. నేను ఉల్లిగడ్డ కాల్చి నూరాలన్నాను. ఆవిడ పచ్చిది నూరి నూనెలో వేయించాలంది. నేను మెంతిపొడి చివర్లో అన్నాను, ఆవిడ మొదట్లోనే అంది. మా ఆయన మధ్యలో ఏదో చెప్పబోతే ఇద్దరం కలిసి ఆయన నోరు మూయించాం. చివరికి ఉల్లిపాయ నా ఇష్టం, మెంతులు ఆవిడ ఇష్టం అయ్యాయి. గిన్నె మరుగుతుంటే ఆ వాసనకు పైనుంచి అంకుల్ దిగి వచ్చాడు, వాళ్లమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసి, "స్మెల్స్ సో గుడ్, మమ్మీ," అంది.

గరాజ్‌లో మడత కుర్చీలు వేసుకుని, పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం. ఐదింటికే చీకటి పడింది. ఎత్తిన తలుపు అవతల గాలి చల్లబడుతోంది. కొరమీనంత రుచి లేదని ఆంటీ అంది. కండ తెల్లగా, గట్టిగా ఉంది, పులుసు ఇంకా లోపలికి పట్టలేదు. రేపటికైతే బాగుంటుందని అంకుల్ అన్నాడు. రేపటికి ఏమీ మిగల్లేదు.

తెల్లారేసరికి చలి తిరిగొచ్చింది. చలితో పాటు ఆయనకు జలుబు, ఒళ్లు నొప్పులు. రెండు వారాలకు బ్రాంప్టన్‌లో ఒక పార్సిళ్ల గిడ్డంగి నుంచి ఫోను వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ముగ్గురితో కలిసి కారులో వెళ్లొచ్చేవాడు. నేను ఇంటికొచ్చేసరికి ఆయన వెళ్లిపోయేవాడు, ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని. కాని ఇప్పుడు ఫోనులో మాట్లాడుకోవడానికి మాటలుండేవి. అన్నంలోకి ఏం కూర ఉందో చెప్పడానికి చేసిన ఫోను, నది గడ్డ కట్టిందా లేదా అనే దాకా సాగేది. నా చదువు అయిపోయింది, పని దొరికింది, మూడేళ్ల తర్వాత మేం మిస్సిసాగా మారాం. అక్కడా ఒక చిన్న నది ఉందని ఆయనే వెతికి పెట్టాడు. కుక్కతో వచ్చే ఆవిడను మరుసటి వేసవిలో రెండుసార్లు చూశాం. పేర్లు చెప్పుకోవాలని ఎవరికీ తోచలేదు.

చలి తిరిగొచ్చిన ఆ శుక్రవారం పొద్దున నాకు క్లాసు ఉంది. వద్దంటున్నా వినకుండా బస్టాపు దాకా వచ్చాడు. షూలు నీళ్లు కారుతూ హీటరు ముందు ఉన్నాయి, ఇంకో జత లేదు. రెండు జతల సాక్సులు వేసుకుని, వాటి మీద హవాయి చెప్పులు తొడుక్కున్నాడు. సన్నగా మంచు మొదలైంది. ఆయన ప్రతి అడుగూ చూసుకుని వేస్తున్నాడు.

"మళ్లీ జారి పడతవ్. ఇంటికి పో," అన్నాను.

"బస్సు రానీ."

ముక్కు తుడుచుకుంటూ నా పక్కన నిలబడ్డాడు. బస్సు ఆలస్యంగా వచ్చింది.